దావీదు త్రాగని నీళ్లు

ధ్యాన భాగములు: 2 సమూయేలు 23:13–17, లూకా 17:11–19, సంఖ్యాకాండము 11:4–9



కోత పండుగనాడు మన పల్లె గుడులు ఎట్లుండునో మీకు నేను చెప్పనక్కరలేదు. బల్లముందు వరి కంకుల కట్టలు, గుమ్మడికాయలు, సొరకాయలు, మక్కజొన్న పొత్తులు, ఒక గంపెడు సీతాఫలములు, కాళ్లు కట్టిన కోడిపుంజు. ఆ పుంజు కూతలో ప్రసంగము సగము వినబడకపోయినను ఆ ఒక్కనాడు ఎవ్వరును విసుగుకొనరు. ఆరాధన ముగిసిన తరువాత వేలంపాట. ఇరువది రూపాయల సొరకాయను రెండు వందలకు పాడి, ఇంటికి పోయి భార్యచేత చీవాట్లు తిను సహోదరులు ప్రతి సంఘములోను ఇద్దరు ముగ్గురుందురు. దేవుడు వారిని దీవించునుగాక.

కొన్ని సంవత్సరముల క్రిందట మేడ్చలుకును శామీర్‌పేటకును నడుమనున్న ఒక పల్లె గుడిలో అట్టి పండుగ జరుగుచుండెను. వాక్యము చెప్పుటకు నన్ను పిలిచిరి. సాక్ష్యముల వేళ ఒక సహోదరుడు లేచి, చేతులు జోడించి ఇట్లనెను: “ప్రభువుకు స్తోత్రం. మా పక్క చెల్కల మూడు బోర్లేసిన్రు, చుక్క నీళ్లు పడలె. నాకు మొదటి బోరుకే రెండించుల నీళ్లు పడ్డయి. దేవుడు నన్ను జ్ఞాపకం చేసుకున్నడు.” సంఘమంతయు స్తోత్రమనెను. నేనును అంటిని. అందరికంటె గట్టిగా నేనే అంటినేమో!

ఆ ప్రక్క చెల్క సహోదరుడు రెండు చాపల అవతల కూర్చుండి యుండెను. ఆయన తల వంచుకొనెను. స్త్రీల వైపున ఆయన భార్య ఒడిలోని పిల్లవాని చొక్కా గుండీ పెట్టుచు తీయుచు, మరల పెట్టుచు తీయుచు ఉండెను. మూడు బోర్లు వేయుటకు తెచ్చిన అప్పు ఎంతో నాకు తరువాత తెలిసినది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సాక్ష్యము చెప్పిన సహోదరుడు అబద్ధమాడలేదు, గర్వముతోను చెప్పలేదు, కన్నీళ్లతో చెప్పెను. నీళ్లు పడుట దేవుని కృపయే. మరి ఆ స్తోత్రము ఆ గుడిలో ఒక ఇంటివారి గుండెలో రాయియై ఎందుకు పడవలెను? దేవుడు ఈయనను జ్ఞాపకము చేసికొనినయెడల ఆయనను మరచిపోయెనా? ఒకే గుడిలో, ఒకే చాపవరుసలో కూర్చున్న ఇద్దరిలో ఒకనికి చెలమ, ఒకనికి ధూళి ఇచ్చు తండ్రియా మన తండ్రి?

మన ప్రభువు చెప్పిన ఉపమానములో పరిసయ్యుని ప్రార్థన దేనితో మొదలగునో గమనించితిరా? కృతజ్ఞతతోనే. అతడు దేవుని ఏమియు అడుగలేదు. నాకిది కావలెను, అది కావలెనని గోజారలేదు. పైకి చూడగా అది నిండు స్తోత్రార్పణ. అయితే ఆ స్తోత్రము నిలువవలెనన్న వెనుక ఒక సుంకరి నిలువవలెను. సుంకరిని అక్కడనుండి తీసివేసినయెడల పరిసయ్యునికి చెప్పుటకు మాటయే లేదు. ఇది పోల్చుకొను స్తోత్రము. మనలో ఇది ఎంత ఉన్నదో! మేడ్చల్ స్టేషను మెట్లయొద్ద కాళ్లు లేని బిచ్చగాని చూచి, చేతిలో రూపాయి వేసి, దేవుడు మనలను అట్లు చేయలేదు, స్తోత్రమని పిల్లలకు నేర్పుదుము. ఆ మాట ఆ బిచ్చగాడు వినునని తలంపము. అతనికి కాళ్లు లేకపోవుట మన కాళ్లకు రుచి కలిగించు ఉప్పు అయినదా?

ఇక్కడ మన నేల సంగతి కొంచెము చెప్పవలెను. మనది రాతి నేల. ఏడాదికి ఎనిమిది వందల మిల్లీమీటర్ల ప్రాంతము కురియు వానలో లోపలికి ఇంకినది ఇంకి, రాతి పగుళ్లలో నిలుచును. బోరు ఆ పగులును తాకినయెడల నీరు, తాకనియెడల రాతిపొడి. రెండు బోర్లు ఒకే పగులును తాకినయెడల లోతైనది ఎక్కువ లాగును, లోతు లేనిది ఎండును. అందుచేతనే బోరుకును బోరుకును దూరముండవలెనని 2002లో వాల్టా చట్టము వచ్చినది. కాబట్టి దేవుడు నాకిచ్చి నా పొరుగువానికి ఇయ్యలేదని నేను స్తోత్రము చేయుచుండగా, ఇచ్చినది దేవుడు, లాగినది నా మోటారు కావచ్చును. ఆ ఇద్దరు సహోదరుల విషయములో అట్లు జరిగినదని నేననుట లేదు. భూమి లోపల ఎవరు చూచిరి?

ఆ రాత్రి నా మనస్సు దావీదు మీదికి పోయినది. అదియు కోతకాలమే అని సమూయేలు గ్రంథము చెప్పుచున్నది. దావీదు అదుల్లాము గుహలో ఉండెను. అతని స్వంత ఊరగు బేత్లెహేములో ఫిలిష్తీయుల దండు దిగి యుండెను. దాహము కలిగి, ఊరి గవిని యొద్దనున్న బావి నీళ్లు ఎవరైన తెచ్చి ఇత్తురా అని అతడు ఆశపడెను. ముగ్గురు బలాఢ్యులు శత్రువుల దండును చీల్చుకొని పోయి, ఆ బావి నీళ్లు చేది తెచ్చిరి. దావీదు త్రాగలేదు. అది వారి ప్రాణముతో, వారి రక్తముతో సమానమని చెప్పి, దానిని యెహోవా సన్నిధిని పారబోసెను.

చిన్నతనమున ఈ కథ విన్నప్పుడు నాకు కోపము వచ్చెడిది. ఎండాకాలము రెండు మైళ్లు నడచి కడవ నీళ్లు తెచ్చిన మన తల్లులను అడుగుడి, తెచ్చిన నీళ్లు కండ్లముందే నేల పోసినవానిని వారేమందురో! ఇంత కష్టపడి తెచ్చితిమే అని ఆ ముగ్గురికిని బాధ కలిగియుండదా? ఇప్పటికిని దావీదు చేసిన పని పూర్తిగా నాకు మింగుడుపడలేదని ఒప్పుకొనుచున్నాను. అయినను ఒక్క సంగతి మాత్రము తెలిసినది. అతడు ఆ పాత్రలోనికి తొంగిచూచినప్పుడు అతనికి నీళ్లు కనబడలేదు. ముగ్గురు మనుష్యులు కనబడిరి. దాహముతో నున్నవానికి నీళ్లకంటె ముందు మనుష్యులు కనబడుట, ఇదియే నాకు స్తోత్రముయొక్క మొదలుగా తోచుచున్నది. ఎవరికంటె నాకు ఎక్కువ వచ్చినదని అతడు చూడలేదు. ఎవరిద్వారా వచ్చినదని చూచెను.

పదిమంది కుష్ఠరోగుల సంగతి కూడ అట్టిదే. తిరిగి రాని తొమ్మండుగురిని మనము మిక్కిలి తిట్టుదుము. నేనును చాల ప్రసంగములలో తిట్టితిని. అయితే వారు చేసిన నేరమేమి? పోయి యాజకులకు కనబరచుకొనుడని ప్రభువే చెప్పెను, వారు పోయిరి. బాగుపడినవారికి ఇల్లు జ్ఞాపకము వచ్చును, భార్యాబిడ్డలు జ్ఞాపకము వత్తురు, ఎన్నాళ్లనుండియో చేయని పని జ్ఞాపకము వచ్చును. వారు దుర్మార్గులు కారు. వారికి జీవితము మరల మొదలైనది, అంతే. స్తోత్రము మరచువారిలో ఎక్కువమంది ఇట్టివారే.

2020వ సంవత్సరము మార్చి నెలాఖరున మన గుడుల తలుపులు మూయబడెను. ఆ యేడు పునరుత్థాన పండుగను ఇంటిలో, ఫోను ముందర కూర్చుండి చేసికొంటిమి. ఒక మందు దయచేయుము తండ్రీ అని మనము మొఱ్ఱపెట్టని దినము లేదు. శామీర్‌పేట ప్రక్కనే తుర్కపల్లి యొద్ద, జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్ టీకాకు 2021 జనవరి 3వ తేదీన అత్యవసర వినియోగమునకు అనుమతి వచ్చినది. అదే దినమున పూణెలో తయారగు మరియొక టీకాకును వచ్చినది. దేశమంతయు ప్రార్థించిన ప్రార్థనకు జవాబులో ఒక భాగము మన చెలకల ప్రక్కనుండియే బయలుదేరెను. మన యూళ్ల పిల్లలు ఆ కంపెనీలలో సీసాలు కడుగు పనికి, కాపలా పనికి రాత్రి బస్సులెక్కి పోవుటను మనము దినమును చూచుచునే యుందుము. టీకా వేయించుకొని భుజము నొప్పియని రెండు దినములు మూలిగితిమి. ఆపైన పెండ్లిండ్లు, పండుగలు, ప్లాట్ల బేరములు. తొమ్మండుగురును మన ఊరివారే, సహోదరులారా.

పదియవవాడు ఏమి చేసెను? వెనుకకు తిరిగెను. వచ్చిన దారినే మరల నడచెను. నాకు ఈ మాట చాల ఇష్టము. స్తోత్రమనగా ఒక నడక. వచ్చిన వరము ఏ దారిని వచ్చినదో ఆ దారిని వెనుకకు నడచుట.

ఒకసారి మన కుళాయి యొద్దనుండి అట్లు వెనుకకు నడచి చూతము. మన ఇండ్లలో కుళాయి తిప్పగా నీళ్లు వచ్చుచున్నవి. ఒకనాడు వచ్చును, ఒకనాడు రావు, అది వేరే సంగతి. 2016లో గజ్వేలు దాపుననున్న కోమటిబండయొద్ద మిషన్ భగీరథ ప్రారంభమైనది. అంతకు కొంచెము ముందే గోదావరి నీళ్లు హైదరాబాదు పట్టణమునకు పైపులలో వచ్చుట మొదలైనది. శామీర్‌పేట మీదుగా పోవు కరీంనగరు దారిన ప్రయాణము చేసినవారు మనిషి నిలువునా పట్టునంత పైపులను ఆ పనులు జరిగిన దినములలో చూచియుందురు. ఆ పైపుల వెంబడి నూరు మైళ్లకు పైగా వెనుకకు పోయినయెడల మంచిర్యాల, పెద్దపల్లి జిల్లాల నడుమ గోదావరిమీద ఎల్లంపల్లి జలాశయము వచ్చును. మనము మెట్టమీద ఉన్నాము, గోదావరి పల్లమున ఉన్నది. వెయ్యి అడుగులకు మించిన ఎత్తునకు ఆ నీళ్లను యంత్రములు ఎత్తి పంపవలెను. మోటార్లయొద్ద రాత్రి మేలుకొనువారున్నారు. పైపు పగిలినచోట బురదలో దిగువారున్నారు. మన ఊరిలో తెల్లవారుజామున వచ్చి వాల్వు త్రిప్పి నీళ్లు వదలు మనిషి ఉన్నాడు; ఆలస్యమైననాడు మనము అతనిని ఏమందుమో ఇక్కడ వ్రాయదగదు.

ఇంకను వెనుకకు పోవలెను. ఆ జలాశయము నిండుటకు కొన్ని ఊళ్లు మునిగినవి. అక్కడను మనవంటి వాకిండ్లుండెను, వేపచెట్లుండెను, తాతలను పాతిపెట్టిన మట్టి ఉండెను. వారు మూటలు కట్టుకొని వేరే చోటికి పోయిరి. ఆ ఊళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలియును? దావీదు పాత్రలోనికి తొంగిచూచినట్లు మనము మన బిందెలోనికి తొంగిచూచినయెడల ఎవరు కనబడుదురో! ఆ నీళ్లను పారబోయమని నేను చెప్పను; ఎండకాలమున పారబోసినయెడల అది మరియొక పాపము. త్రాగుడి. అయితే ఊరకే వచ్చినవని త్రాగకుడి.

మెదకు గుడికి క్రిస్మసునాడు మనలో చాలమంది పోవుదురు. రెవరెండు చార్లెస్ వాకర్ పోస్నెట్టుగారు 1914లో కట్టుట మొదలుపెట్టగా, 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠింపబడెను. రంగు అద్దముల కిటికీలను చూచి మనము మురియుదుము, పోస్నెట్టుగారిని తలంచుదుము. తలంచవలసినదే. అయితే అది కరవు కాలమున పనిగా కట్టబడిన గుడి. ఆకలిగొన్న పల్లెలవారు కూటికొరకు రాళ్లు మోసిరి. వారి పేర్లు ఏ పలకమీదను లేవు. ఈసారి పోయినప్పుడు ఒక్క నిమిషము కిటికీ విడిచి గోడను తాకి చూడుడి.

ఇప్పుడు నన్ను తలదించుకొనజేసిన మరియొక సంగతి చెప్పెదను. ఒక ఆదివారము నేను తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక ఆరవ అధ్యాయమునుండి, అన్నవస్త్రములు కలిగినవారము వాటితో తృప్తిపడవలెనని బోధించితిని. ఉన్నదానికి స్తోత్రము చేయుడి, లేనిదానికి సణుగకుడి అంటిని. ఆరాధన అయిన తరువాత డెబ్బది యేండ్లు దాటిన ఒక విధవరాలు నాయొద్దకు వచ్చినది. ఆమె ఒక ఫంక్షన్ హాలులో అంట్లు తోమును. రెండు నెలల కూలి ఇయ్యలేదు. అడిగినందుకు, ఈ వయస్సులో పని ఇచ్చుటయే గొప్ప, దండము పెట్టుకొమ్మనిరట.

“అయ్యగారూ, ఒక మాట అడుగుత, తప్పుగ అనుకోవద్దు” అని ఆమె మొదలుపెట్టినది. “మా అయ్య దొర గడీల ఎట్టి చేసిండు. దినమంత చేస్తె మానెడు జొన్నలు పోసి, దొర దయ, దండం పెట్టమనెటోళ్లు. మా అయ్య పెట్టెటోడు. ఇప్పుడు మీరు దేవుని దయ, స్తోత్రం చెప్పమంటున్నరు. రెండు ఒక్కటేనా?”

నాకు అప్పుడు జవాబు రాలేదు. ప్రార్థన చేసి పంపితిని. పాదిరులకు జవాబు తెలియనప్పుడు చేయు పని అదే. ఇంటికి వచ్చి బైబిలు తెరచి చాల దినములు వెదకితిని. సంఖ్యాకాండము పదునొకండవ అధ్యాయములో ఒక మాట నా కంటబడినది. ఎన్నిసార్లో చదివినదే, ఎప్పుడును చూడనిదే. ఇశ్రాయేలీయులు మన్నా తిని తిని విసిగిరి. ప్రతి దినమును అదే. దినమును వచ్చు దీవెనకు పట్టు దుర్గతి ఇదే గదా. దినమును వచ్చుటచేతనే అది దీవెనగా కనబడదు. అప్పుడు వారు ఐగుప్తులో తినిన చేపలను, దోసకాయలను, ఉల్లిపాయలను, తెల్లగడ్డలను తలంచుకొని ఏడ్చిరి. వాటిని ఉచితముగా తింటిమనిరి. ఉచితముగానా? ఇటుకలు చేసి, కొరడా దెబ్బలు తిని, మగపిల్లలను నదిలో పోగొట్టుకొని తినిన కూడు ఉచితమా? ఫరో పెట్టినది ఉచితమని వారికి తోచెను. దేవుడు కురిపించినది చప్పగా తోచెను. బానిసత్వము మనుష్యుని నాలుకను కూడ చెడగొట్టును.

మోషే ధర్మశాస్త్రమునందు ప్రథమఫలములు తెచ్చినవాడు చెప్పవలసిన మాటలు ద్వితీయోపదేశకాండము ఇరువది యారవ అధ్యాయములో నున్నవి. అవి మా తండ్రి తిరుగులాడినవాడు, మేము ఐగుప్తులో దాసులము, మేము మొఱ్ఱపెట్టగా దేవుడు వినెను అను వరుసలో సాగును. ఫరోకు స్తోత్రమను మాట అందులో ఎక్కడను లేదు. దేవునికి చెల్లించు స్తోత్రము దాసత్వమును దాసత్వమని పేరు పెట్టి పిలిచి మొదలగుచున్నది. అది ఆ యింటివానితోను ఆగదు. లేవీయుడును పరదేశియును కూడ వచ్చి తిని సంతోషింపవలెను. దొరకు పెట్టు దండము నడుము వంచును, నోరు మూయించును. దేవునికి చేయు స్తోత్రము నోరు తెరచును. వెట్టి చేసినవాని బిడ్డ దేవుని సన్నిధిని నిలిచి, నాకు అన్నము పెట్టినవాడు నీవే అని చెప్పినయెడల, ఇక ఏ దొరయు ఆమెకు అన్నదాత కాడు. పని చేయించుకొన్నవాడు బాకీదారుడు మాత్రమే. కూలికి కావలసినది దండము కాదు, లెక్క. పట్టుకొనిన కూలి మొఱ్ఱపెట్టునని యాకోబు పత్రిక అయిదవ అధ్యాయము చెప్పుచున్నది.

ఈ మాటలు ఆమెతో చెప్పుటకు పోవునప్పుడు సంఘ పెద్ద ఒకరిని వెంట తీసికొని పోయితిని. ఆయన వాక్యము వినుటకు ఆగలేదు. ఆమెను వెంటబెట్టుకొని కూలి అడుగుటకు పోయెను. సగము వచ్చినది. తక్కిన సగము ఇప్పటికిని రాలేదు.

మరి దినదినము ఈ స్తోత్రమును ఎట్లు అభ్యాసము చేయవలెనని మీరడుగుదురు. పెద్ద సంగతులు నాకు తెలియవు. అన్నము ముందర కూర్చున్నప్పుడు ఒక్క చేతినైనను పేరుపెట్టి తలంచుడి: నాటు వేసిన కూలి తల్లిని, నీళ్లు వదలినవానిని, పొయ్యియొద్ద చెమట కార్చిన ఇల్లాలిని. ఆమెకు ఆ మాట వినబడునట్లు చెప్పినయెడల ఇంకను మంచిది. మన తల్లులు కొందరు బియ్యము కడుగకముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయుదురు. మిజోరాములోని క్రైస్తవ స్త్రీలు 1910 ప్రాంతమున పూట పూటకు పిడికెడు బియ్యము తీసిపెట్టుట మొదలుపెట్టిరి. ఆ పిడికిళ్లతో అక్కడి సంఘము సువార్తికులను పోషించినది. దోర్నకల్ బిషపు అజరయ్యగారు 1912 మొదలు 1945లో నిద్రించువరకు పల్లె సంఘములకు ఇదే నేర్పిరి: బీదవానికిని ఇచ్చు గౌరవమున్నది, డబ్బు లేనియెడల గింజలు, గింజలు లేనియెడల కోడిగ్రుడ్డు. ఆ పిడికెడు బియ్యములో ఒక మర్మమున్నది. ఇచ్చునది కొంచెమే. అయితే బియ్యములో చేయి పెట్టినప్పుడెల్ల, ఇది నాది మాత్రమే కాదని ఆ చేతికి తెలియును.

ఇంతవరకు నీళ్లు పడినవాని స్తోత్రమును గూర్చి వ్రాసితిని. నీళ్లు పడనివాని సంగతి ఏమి? ఆ రెండు చాపల అవతలి సహోదరుడు ఏమని స్తోత్రము చేయవలెను? థెస్సలొనీకయులకు పౌలు వ్రాసినది ప్రతి విషయము నందును కృతజ్ఞతలు చెల్లించుమని. విషయమునందు అనగా ఆ విషయములో ఉండగా. అప్పుకొరకు స్తోత్రము చేయుము, ఎండిన బోరుకొరకు స్తోత్రము చేయుము అని దుఃఖములో నున్నవానిమీద నేను మోపజాలను. ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో సమస్తమునుగూర్చి అని ఉన్నదే అని మీలో ఎవరైన అడిగినయెడల, ఉన్నది; ఆ మాటను దుఃఖపడువాడు తనంతట తాను ఏనాడైన చెప్పుకొనవలెను గాని, సుఖముగానున్నవాడు అతనికి చెప్పరాదు. హబక్కూకు అంజూరపు చెట్టు పూయదనియు, ద్రాక్షలు ఫలింపవనియు, చేను పైరు పండదనియు, కొట్టములో పశువులుండవనియు మొదట లెక్క వ్రాసెను. ఒక్కటియు దాచలేదు. తరువాతనే ఆనందమును గూర్చి పలికెను. మన ప్రాంతములో ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి ద్రాక్షతోటలు పందిళ్లు పందిళ్లుగా నుండెను. వాటిలో చాలభాగము నేడు ప్లాట్లుగా రాళ్లు పాతబడి యున్నవి. కాబట్టి హబక్కూకు మాట మనకు దూరదేశపు మాట కాదు.

మార్టిన్ రింకార్టు అను జర్మను పాదిరి ఐలెన్‌బుర్గు అను ఊరిలో ఉండెను. 1618 మొదలు 1648 వరకు ఆ దేశమున యుద్ధము. 1637లో తెగులు వచ్చినప్పుడు ఆ యొక్క యేట ఆయన నాలుగు వేలమందికి పైగా పాతిపెట్టెననియు, వారిలో ఆయన భార్యయు ఒకతె యనియు చెప్పుదురు. నేటికిని లోకమంతట సంఘములు పాడు ఒక గొప్ప స్తోత్రగీతము ఆ యుద్ధకాలమున ఆయన వ్రాసినదే. అది పెద్ద గుడికొరకు వ్రాసినది కాదు. తన యింటివారు భోజనపు బల్లయొద్ద పాడుకొనుటకు వ్రాసిన చిన్న ప్రార్థన. ఆ బల్లమీద ఏ పూట ఏమి ఉండెనో మనకు తెలియదు. యుద్ధమును కరవును నున్న ఊరిలో ఎక్కువ ఉండియుండదు.

ఆ ఇద్దరు సహోదరుల సంగతి చెప్పి ముగించెదను. వారము తరువాత నేను నీళ్లు పడిన సహోదరుని ఇంటికి పోయి, నా మనస్సులోని మాట చెప్పితిని. ఆయనకు కోపము వచ్చినది. సాక్ష్యము చెప్పినందుకు కూడ తప్పు పట్టుదురా అయ్యగారూ అని, చాయ కూడ ఇయ్యలేదు. తరువాత ఏమి జరిగినదో నాకు వరుసగా తెలియదు. ఆ యాసంగిలో ఆయన బోరునుండి ఒక పైపు గట్టు దాటి ప్రక్క చెల్కలోనికి పోయినది. అర ఎకరము మాత్రము తడియునట్లు, రాత్రి పూట రెండు గంటలు. నడుమ మోటారు కాలినది. బాగుచేయించిన ఖర్చు ఎవరు పెట్టవలెనని ఇద్దరికిని మాటా మాటా పెరిగి, నెల దినములు మాటలు లేవు. పైపు మాత్రము తీయలేదు.

మరుసటి కోత పండుగకు నేను మరల ఆ గుడికి పోయితిని. సాక్ష్యముల వేళ ఆ సహోదరుడు లేవలేదు. వేలంపాటలో, ప్రక్క చెల్క సహోదరుని భార్య తెచ్చిన కొత్తిమీర కట్టలు వచ్చినవి, వేళ్లకు ఇంకను తడి మన్ను అంటి యుండెను. పదితో మొదలైన పాట వంద దాటినది. చాపవరుసలో వెనుకనుండి ఒక గొంతు రెండు వందలనెను. అందరును తిరిగి చూచిరి. కొత్తిమీర తెచ్చిన తల్లి నవ్వు ఆపుకొనలేక కొంగు నోటికి అడ్డము పెట్టుకొని, “అన్నా, ఇంటికొస్తె ఊకెనే ఇద్దును గద” అన్నది.